ముక్క చెదరని ఆలుగడ్డ కూర

మా అక్క నాతో రెండేళ్లు మాట్లాడలేదు. కారణం ఆలుగడ్డ కూర. పొలం తగాదా అయితే నలుగురిలో చెప్పుకోవడానికి కాస్త పరువుగా ఉండేది. పెద్దమనుషులు కూర్చునేవాళ్లు, రెండు పక్షాల టీలూ తాగేవాళ్లు, చివరికి ఎవరో ఒకరు కోర్టు మెట్లెక్కేవాళ్లు. మాకు అంత భాగ్యం ఎక్కడిది? మా నాయన చాలా ముందుచూపు గల మనిషి. పంచుకోవడానికి ఏమీ మిగల్చకుండా పోయాడు. దాంతో మేము కూర మీద కొట్టుకోవాల్సి వచ్చింది.

అక్కను ఇచ్చింది నందిపేట్ పక్క ఊరికి. వాళ్లు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్నారు. వంటకు మనుషుల్ని పెట్టుకున్నా, ఆలుగడ్డ కూర మాత్రం తానే చేస్తానని అక్క పట్టుబట్టింది. అది మా అమ్మ చేసే కూర. అమ్మ పోయాక ఆ చేతి రుచి తనకే వచ్చిందని అక్క నమ్మకం. పొద్దున్నే పెద్ద గంజు ఎక్కించి నూరు మందికి వండింది. ఆ కూర మధ్యాహ్నం బంతి మీదికి వచ్చేసరికి ముక్కకూ ముక్కకూ మధ్య గెట్లు చెరిగిపోయి, గంజు మొత్తం ఒకటే గడ్డ అయి కూర్చుంది.

నేను మొదటి బంతిలోనే కూర్చున్నాను. తిండి దగ్గర నాకు ఆలస్యం నచ్చదు. పక్కన బావ, ఎదురు వరసలో బావ వాళ్లమ్మ, ఆమెకు అటూ ఇటూ వాళ్ల చుట్టాలు. అక్క గరిటెతో తెచ్చి నా విస్తరిలో వేసింది. ఆ కూర విస్తరి మీద పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. నోరు మూసుకుని తింటే పోయేది. కానీ నోరు మూసుకుని తినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు కాలేదు.

"అక్కా, గోడలకు వెట్టంగ లప్పం మిగిలిందా? ఇస్తర్లల్ల పూస్తున్నవ్" అన్నాను.

లప్పం అంటే రంగు వేసే ముందు గోడకు పట్టించే తెల్లటి ముద్ద. కొత్తిల్లు కాబట్టి ఆ సంచి ఇంకా ఒక మూలకు కనబడుతూనే ఉంది. బంతి మొత్తం గొల్లుమంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. సొంత సరుకు కదా. బావ వాళ్లమ్మకు పొలమారి, ఇద్దరు మనుషులు వీపు నిమరాల్సి వచ్చింది. అక్క మాత్రం గరిటెను గంజులో పెట్టేసి లోపలికి పోయింది. మిగతా బంతికి పెరుగు వడ్డించినప్పుడు కూడా రాలేదు. ఎక్కువ పని ఉన్నట్టుంది పాపం అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను. ఆ ఊరు మరిచిపోలేదు. అక్కకు 'లప్పం కోడలు' అని పేరు పడింది. పప్పు జర చిక్కగా వస్తే లప్పం. ముగ్గు పిండి తడిపితే లప్పం. నల్లా దగ్గర ఆడవాళ్లు "లప్పం కోడలు వచ్చింది, జరుగుండ్రి" అని దారి ఇచ్చేవారట. ఇవన్నీ బావ నాకు ఫోన్‌లో మురిసిపోతూ చెప్పేవాడు, నేనేదో వాళ్లింటికి ఫ్రిజ్ కొనిచ్చినట్టు.

ఆ ఏడు రాఖీకి అక్క రాలేదు. రాఖీ మాత్రం వచ్చింది. నందిపేట్ నుంచి మా ఆర్మూర్‌కు తిరిగే షేర్ ఆటో డ్రైవర్ చేతికిచ్చి పంపింది. అతను బస్టాండ్ ముందు నన్ను ఆపి, "మీ అక్క గిది కట్టుమన్నది" అని తానే నా చేతికి ముడి వేశాడు. ఆటోలోంచి ఏడుగురు తొంగి చూస్తుండగా నేను మీసాలున్న మనిషి చేత రాఖీ కట్టించుకున్నాను. ముడి వేశాక కూడా అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు, హారతి పళ్లెంలో ఏమైనా వేస్తానేమోనని. మరుసటి ఏడు కూడా ఇంతే. డ్రైవర్ మాత్రం మారాడు.

ఆ రెండో రాఖీ తర్వాత బావ ఫోన్ చేసి ఒడిబియ్యం మాట ఎత్తాడు. మా వైపు మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు ఆమె ఒడిలో పోస్తారు. అమ్మానాన్నలుంటే వాళ్లు పోస్తారు. లేకపోతే తమ్ముడూ మరదలూ. పోయినసారి పోశాక అక్కకు ఇది అయిదో ఏడు. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. పోయకపోతే ఆమెకు పుట్టిల్లు లేనట్టే.

"మాఘంల మంచి దినాలున్నయట బామ్మర్ది. కని మీ అక్క ఒక షరతు వెట్టింది" అన్నాడు బావ.

"ఏం షరతు?"

"ఆగు, స్పీకర్ల వెడ్త."

అక్క నాతో మాట్లాడలేదు. బావతోనే మాట్లాడింది, కాకపోతే ఆర్మూర్ దాకా వినబడేటట్టు. "ఒడిబియ్యం మా అమ్మ ఇంటియి, వచ్చి పోయించుకుంట. కని గా ఇంట్ల మెతుకు ముట్ట. నా కూరను లప్పమన్నోన్ని ముక్క నిలవడే ఆలుగడ్డ కూర వండి వెట్టుమను. అప్పుడు తింట. లేకుంటే ఒడి నింపుకోని ఉత్త కడుపుతోటి తిరిగొస్త. చెప్పు."

"విన్నవా?" అన్నాడు బావ.

"విన్న."

"విన్నడట" అని బావ అక్కకు చేరవేశాడు. ఫోన్ కంపెనీలు ఇంత కష్టపడి టవర్లు వేసింది ఇందుకే.

నవ్వుతూ ఫోన్ పెట్టేశాను కానీ విషయం నవ్వేది కాదు. ఒడి నింపుకున్న ఆడబిడ్డ పుట్టింట్లో అన్నం తినకుండా పోయిందంటే, ఆ మాట ఆటో కంటే ముందు ఊరు చేరుతుంది. బావ వాళ్లమ్మ వెంటే వస్తుంది. "పుట్టింట్ల మెతుకు పుట్టలే" అనే మాట ఆమె నోట ఒకసారి పడితే, అక్క ముసలిదయ్యేదాకా దాన్ని మోయాలి. ఇప్పటికే ఒక పేరు నేనిచ్చాను. రెండోది కూడా నా చేతి మీదుగానే పోవడం నాకు నచ్చలేదు.

నా భార్య వారం రోజులు మార్కెట్ ఆలుగడ్డలతో ప్రయత్నం చేసింది. చిన్నవి తెచ్చాను, పెద్దవి తెచ్చాను, మంట తగ్గించాం, మూత తీశాం. ఏం చేసినా గరిటె తిప్పితే చాలు, గోడకు పూసుకోవచ్చు. ఎనిమిదో రోజున ఆమె గరిటె నా ముందు పెట్టింది.

"నువ్వే కదా ఊరూరు తిరిగి ఉడకవెట్టెటోనివి. ఇంట్ల గూడ ఉడకవెట్టు."

నేను పసుపు ఉడకబెట్టే మనిషిని. ఏడో తరగతిలో బడి వదిలిపెట్టాక నేర్చుకున్న చదువు అదొక్కటే. పసుపు తవ్వే కాలంలో ట్రాక్టర్‌కు ఆవిరి బాయిలర్ తగిలించుకుని పొలాలకు పోతాను. రోజుకు ఎన్ని క్వింటాళ్ల గడ్డను ఉడికించినా ఒక్క కొమ్ము చితకదు. ఆ గొప్పతనం నాది కాదని, పసుపుదని నాకు అప్పటిదాకా తట్టలేదు.

మా గల్లీ చివర చాచా ఉంటాడు. పెళ్లిళ్లకు పెద్ద పెద్ద వంట దేగ్‌లు దించే వంటమనిషి. ఆయన చేసే కుర్మాలో ఆలుగడ్డ ముక్కలు ఆఖరి బంతిలో కూడా మూలలు పోకుండా ఉంటాయి. సిగ్గు పక్కన పెట్టి ఆయన దగ్గరికి పోయాను. చాచా గడపలో కూర్చుని వెల్లుల్లి వొలుస్తున్నాడు. నా కథంతా విని, నవ్వకుండా, ఒక రెబ్బను వేళ్ల మధ్య తిప్పాడు.

"తప్పు నీ భార్య చేతిల లేదు బేటా, మీ అక్క చేతిల గూడ లేకుండె. గడ్డల ఉన్నది. ఆలుగడ్డల పిండిగడ్డ ఉంటది, బిగువుగడ్డ ఉంటది. పిండిగడ్డ బోండాకు మంచిది, కూరల వేస్తే కరిగిపోతది. బిగువుగడ్డ రెండు గంటలు దేగ్‌ల ఉన్నా దాని సూరత్, దాని ఆకారం దానికే ఉంటది."

"మార్కెట్ల బిగువుది దొరకదా చాచా?"

"దొరుకుతది, పిండిదాంట్ల కలిసి. మీద ఏమన్న రాసి ఉంటదా? కోల్డ్ స్టోరేజీల ఎన్ని నెలలు పండుకోని లేసి వస్తదో దానికే ఎరుకుండదు. నేను జహీరాబాద్ దిక్కుకెల్లి తెప్పించుకుంట, ఎర్రతోలుది. గిప్పుడు తిననీకి లేవు, విత్తనానికే ఉన్నయి. నీకు మాఘంల కావాలె కదా? ఇంట్లనే పెట్టుకో. మూడు నెలల్ల చేతికొస్తది."

తొమ్మిది నెలలు పసుపు కోసం ఎదురుచూసే ఊళ్లో మూడు నెలల పంట అంటే చెట్టు మీదున్న జామకాయ తెంపుకున్నట్టే. నాకు ఉత్సాహం వచ్చింది. నాకు ఉత్సాహం వస్తే ఇంట్లోవాళ్లు భయపడతారు, దానికి కారణాలున్నాయి.

దీపావళి పోయాక పెట్టాం. ఇంటి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. మన్ను ఎగదోసి ఆరు బోదెలు వేశాను. చాచా వచ్చి విత్తనం ఎలా కోయాలో చూపించాడు. ప్రతి ముక్కకూ రెండు కళ్లుండాలి, కోసిన చోట బూడిద అద్దాలి, ఒక పూట ఆరనివ్వాలి, కళ్లు పైకి పెట్టి మన్ను కప్పాలి. నా భార్య బూడిద అద్దుతూ ప్రతి ముక్కనూ తేరిపారా చూసింది.

"గీటికి రెండు కండ్లన్న ఉన్నయి. మీ అక్క ముఖం దిక్కు చూసి మాట్లాడనీకి నీకు గయి గూడ లేకపాయె."

పసుపు ఊళ్లో ఆలుగడ్డ పెట్టడమంటే కుమ్మరి ఇంట్లో ప్లాస్టిక్ బిందె పెట్టినట్టు. వాకిట్లోంచి పోయే ప్రతివాడూ ఆగి గోడ మీదుగా చూసేవాడు. "ఏందది, టమాటనా?" "వంకాయనా?" ఒకాయన ఆకులు చూసి "పొగాకు వెట్టినవా, పోలీసోళ్లకు చెప్పకు" అని ధైర్యం కూడా చెప్పి పోయాడు. నిజం చెబితే నమ్మినవాడు లేడు. పసుపు మార్కెట్ చుట్టూ బతికే మనుషులకు భూమిలోంచి వచ్చేది పచ్చగా లేకపోతే అది పంట కింద రాదు.

చాచా చెప్పినవి చెప్పినట్టు చేశాను. మొక్క జానెడు కాగానే మొదట్లోకి మన్ను ఎక్కదోశాను. నీళ్లు తడి తడిగా మాత్రమే పెట్టాను. గుప్పెడు యూరియా చల్లుతానంటే చాచా ఒప్పుకోలేదు. "వేస్తే ఆకు మస్తుగొస్తది. కూర ఆకుతోటి చేస్తవా?" అన్నాడు. సంక్రాంతి పోయిన రెండు వారాలకు ఆకులు పసుపు రంగు తిరిగాయి. ఆ రంగును గుర్తుపట్టడంలో మాకు పోటీ లేదు. నీళ్లు ఆపేసి, పది రోజులాగి తవ్వాను.

అయిదు బోదెలు తవ్వాను. ఆరోది ట్యాంకు నీడలో ఉండి ఆలస్యంగా మొలిచింది. దాని ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఎదుగూ బొదుగూ లేనిదని దాన్ని తిట్టి వదిలేశాను. మిగతావాటికి ఒక తట్ట నిండింది. ఎర్రటి తోలు, గోరు గుచ్చితే లోపల లేత పసుపు. తట్టను నడింట్లో పెట్టుకుని నేనూ నా భార్యా కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఒడిబియ్యానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. పని చేయకపోతే బాగుండేది.

పసుపు తవ్వినప్పుడు అది ఉత్త నీళ్ల గడ్డ. ఉడకబెట్టి పదిహేను రోజులు ఎండలో పోస్తే రాయవుతుంది. కొమ్మును విరిస్తే టక్కుమనాలి, నేల మీద వేస్తే గలగలలాడాలి. ఎండ గడ్డను గట్టి చేస్తుంది. ఇది మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేని సంగతి. గట్టి ఆలుగడ్డ కావాలంటే ఏం చేయాలి? ఇంత చిన్న ఉపాయం జహీరాబాద్ వాళ్లకు ఇన్నాళ్లూ తట్టలేదంటే జాలి వేసింది. చాచాను అడుగుదామంటే ఆయన వరసగా పెళ్లిళ్లు పడి బోధన్ పోయాడు. అడగకపోయినా ఏం? గడ్డల గురించి ఆర్మూర్ మనిషికి ఒకరు చెప్పాలా?

మిద్దె మీద మా కొద్దిపాటి పసుపు ఎండుతోంది. దాని పక్కనే ఇంకో టార్పాలిన్ పరిచి ఆలుగడ్డలు పోశాను. పసుపును తిప్పినట్టే రోజూ సాయంత్రం కాళ్లతో దున్ని అటుది ఇటు తిప్పాను, ఏ గడ్డకూ ఎండ విషయంలో అన్యాయం జరగకుండా. నాలుగో రోజుకు తోలు మీద ఆకుపచ్చ జీర కనబడింది. నేను మురిసిపోయి నా భార్యను పైకి పిలిచాను.

"చూడు, రంగు తేలుతున్నది."

"ఆలుగడ్డకు రంగెందుకయ్యా?"

"నీకు తెల్వదు. ఎండినంక పాలిష్ గూడ వట్టియ్యాల్నేమో చూస్త."

"వట్టియ్యి. సంచులల్ల నింపి యార్డుకు తీస్కపో, వేలం గూడ వెడ్తరు" అని ఆమె దిగిపోయింది.

పది రోజులు ఎండబెట్టాను. ఒడిబియ్యం ఇంకా ఎనిమిది రోజులుందనగా పరీక్షకు ఒక కూర వండమన్నాను. ముక్క నిలబడింది. గరిటె తిప్పినా, గంజు ఊపినా, అరగంట మూత పెట్టినా ఒక్క మూల పోలేదు. నేను గెలిచినవాడిలా పీట వేసుకుని కూర్చుని మొదటి ముక్క నోట్లో వేసుకున్నాను. చేదు. వేపాకు నమిలినా ఇంత ఉండదు. నాలుక చుర్రుమంది, గొంతులో దురద మొదలైంది.

నా భార్య పళ్లెం ముందు పెట్టుకుని, తాను తినకుండా నా ముఖమే చూస్తోంది. పదేళ్ల కాపురం మనిషికి చాలా నేర్పుతుంది.

"ముక్క నిలవడ్డదా?"

"నిలవడ్డది. నేనే నిలవడేటట్టు లేను. నువ్వు తినకు" అని నీళ్ల చెంబు కోసం లేచాను.

మరునాడు చాచా బోధన్ నుంచి తిరిగొచ్చాడు. మిద్దె ఎక్కి ఆకుపచ్చగా మెరుస్తున్న నా ఆలుగడ్డల్లో ఒకదాన్ని తీసి అటూ ఇటూ తిప్పాడు. చివరికి టోపీ తీసి తల గోక్కున్నాడు.

"గిట్ల చెయ్యుమని నీకు ఎవరు చెప్పిండ్రు బేటా?"

"ఎవలు చెప్పలే. నాకే తట్టింది."

"గదే మరి. ఇంకెవనికి తడ్తది గిది. పసుపుకు ఎండ పానం, ఆలుగడ్డకు ఎండ జహర్, విషం. మంచం కింద, చీకట్ల పెట్టాలె. పచ్చగైనంక మనిషి తినొద్దు, బర్లకు గూడ వెయ్యొద్దు."

మూడు నెలలు కాచుకున్న పంటను పెంటకుప్పలో గుంత తీసి పాతిపెట్టాను. చేతులు కడుక్కుంటుంటే మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా నాకు ఇదొక పందెంలాగే ఉంది. అక్క ఒడి నిండా బియ్యంతో, మా గడపలోంచి ఆకలితో దిగిపోతున్నట్టు కళ్ల ముందు కనబడింది. ఆమె వెనక నడుస్తూ ముసలామె నోరు తెరుస్తున్నట్టు కూడా.

"వెనుక గా చెట్లేంది?" అన్నాడు చాచా, మిద్దె మీది నుంచి ట్యాంకు వైపు చూస్తూ.

"అది ఎదగలేదు చాచా. పనికిరాదు."

"నువ్వు పనికిరాదన్నవంటే పనికొస్తది. దాన్ని ముట్టకు. నీళ్లు బంద్ వెట్టు. ఒడిబియ్యం దినం పొద్దుగాల తవ్వు. జర లేత గడ్డ ఇంక మంచిగ నిలవడ్తది."

మిగిలిన ఏడు రోజులు నేను ఆ ఒక్క బోదెకు కాపలా కాశాను. కోడి అటు వస్తే రాయి, పిల్లి వస్తే రాయి. అక్కడ ఏముందో చూద్దామని గోడ మీద వాలిన పక్కింటాయనకు కూడా రాయి తగలాల్సింది, కొద్దిలో తప్పింది.

ఒడిబియ్యం శనివారం పడింది. బావ ఇంట్లో శనివారం నీసు ముట్టరు. నాటుకోడి చాటున దాక్కునే వీలు కూడా నాకు లేకుండా పోయింది. తెల్లవారగానే ఆరో బోదె తవ్వాను. చిన్న చిన్న గడ్డలు, రెండు కిలోల దాకా వచ్చాయి. చాచా బకెట్‌లో నీళ్లు పోయించి, గుప్పెళ్లతో ఉప్పు కలిపి గడ్డలన్నీ అందులో వేశాడు. కొన్ని మునిగాయి, ఎక్కువ తేలాయి.

"తేలినయి తియ్యి. మునిగేటివి బరువు, గయి పిండిగడ్డలు" అన్నాడు.

నా భార్య వండింది. చాచా వాకిట్లో కుర్చీ వేసుకుని, కిటికీలోంచి ఆమెకు ఆజ్ఞలు జారీ చేశాడు. ముందు ఉడకబెట్టొద్దు. కోసి నూనెలో వేయించాలి. మెత్తబడక ముందే టమాటా, చింతపులుసు పడాలి, పులుపు తగిలితే గడ్డ బిగుసుకుంటుంది. "చాచా, నేను గూడ వంట చేస్తనే ఉన్న పదేండ్ల సంది" అని ఆమె ఒకసారి అంది. "చెయ్యి బిడ్డా, చెయ్యి. గరిటె మాత్రం తిప్పకు" అన్నాడు చాచా.

పదకొండింటికి ఆటో దిగారు. ముందు బావ వాళ్లమ్మ, తర్వాత బావ, వెనక నలుగురు చుట్టాలు, చివరన అక్క. అక్క రెండేళ్లలో సన్నబడింది. నన్ను దాటుకుని లోపలికి పోయి నా భార్యను కౌగిలించుకుంది. నేను గుమ్మానికి కట్టిన మామిడాకుల్లో ఒకణ్ణి అయిపోయాను.

అక్కను పీట మీద కూర్చోబెట్టి కొత్త చీర పెట్టాం. నేనూ నా భార్యా దోసిళ్లతో అయిదుసార్లు బియ్యం ఒడిలో పోశాం. మూడో దోసిలి పోస్తున్నప్పుడు నా చెయ్యి అక్క చేతికి తగిలింది. ఆమె తల ఎత్తలేదు. కొంగు మీద రెండు బొట్లు పడ్డాయి. అమ్మను తలుచుకుందో, నన్ను తిట్టుకుందో అడిగే ధైర్యం నాకు లేదు.

తర్వాత విస్తర్లు వేశాం. అక్క కూర్చుంది. కానీ చేతులు రెండూ ఒడిలోనే పెట్టుకుంది. ఆమె కూర్చున్న తీరులోనే బావ వాళ్లమ్మకు సంగతి తెలిసిపోయింది. పక్కనున్నామెను మోచేత్తో పొడిచి, చూడమని సైగ చేసింది. నేను కూర గిన్నె పట్టుకుని వడ్డించాను. ఎర్రటి పులుసులో ముక్కలు ఒక్కొక్కటీ వేరువేరుగా, మూలలతో సహా దిగాయి. అక్క తన విస్తరిలోకి చూసింది. ఆమె ముఖంలో ఏదో కదిలినట్టు నాకు అనిపించింది.

అంతలో బావ ఒక ముక్కను బొటనవేలితో అన్నంలోకి నొక్కాడు. అందరం ఆలుగడ్డను అలాగే తింటాం కదా, చిదిమి, కలిపి. ముక్క చితకలేదు. వేలి కింది నుంచి జారి, విస్తరి దాటి, గడప దాకా దొర్లుకుంటూ పోయింది.

"బామ్మర్దీ, గిది ఉడకలే" అన్నాడు బావ.

అందరూ తమ తమ విస్తర్లలో ముక్కల్ని నొక్కి చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ముద్దయిన ఆలుగడ్డ తిన్న వేళ్లకు, ముక్కగా ఉన్న ఆలుగడ్డ పచ్చిదే.

"ఊర్ల పసుపంత ఉడకవెట్టెటోనికి నాలుగు గడ్డలు ఉడకవెట్టరాలే" అంది బావ వాళ్లమ్మ.

"బాయిలర్ల వెయ్యకపోయినవా?" అన్నాడు చుట్టాల్లో ఒకాయన.

"గోలీలాడనీకి వెట్టిండేమో పోరగాండ్లకు" అన్నాడు ఇంకొకాయన.

విస్తర్ల వరస మొత్తం నవ్వింది. నేను గిన్నె పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. మామూలుగా నాకు ఇలాంటప్పుడు మాట ముందే వచ్చి నాలుక మీద కూర్చుంటుంది. ఆ రోజు రాలేదు. సాయంత్రానికి నందిపేట్ దారిలో నాకేం పేరు పెడతారా అని మాత్రం ఆలోచించాను. లోపల వంటింటి గుమ్మంలో నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె నవ్వడం లేదు. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడింది ఆమె కదా.

అక్క వైపు చూడాలంటే మెడ తిరగలేదు. నవ్వుతుంటుంది, నవ్వాలి కూడా. నేనే ఆమె స్థానంలో ఉంటే అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి. ఆ సంగతి రుజువై రెండేళ్లయింది.

చూశాను. అక్క నవ్వడం లేదు. ఒడిలోంచి కుడిచెయ్యి తీసింది. ఒక ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని తుంచింది. లోపలి నుంచి ఆవిరి లేచింది.

"అత్తమ్మా, గిటు సూడుండ్రి" అంది. గొంతు పెద్దది చేయలేదు. "నడుమ దాంక ఉడికింది. పచ్చి ఏడున్నది గిండ్ల?"

"ఏమో బిడ్డా, గట్టిగున్నది మరి."

"గట్టిగుంటే నమలాలె. పండ్లు నొస్తే చెప్పుండ్రి, మా మరదలు మీకు చితుకగొట్టి తెస్తది."

నవ్వు ఆగిపోయింది. ముసలామె ఒక ముక్క నోట్లో వేసుకుని, పళ్లు ఉన్నాయని నిరూపించడానికన్నట్టు చప్పుడు చేస్తూ నమిలింది. బావ గడప దాకా పోయి తన ముక్కను ఏరుకొచ్చాడు. చుట్టాలు తలలు వంచుకుని తినడం మొదలుపెట్టారు. కూర బాగుందని ఎవరూ అనలేదు కానీ, రెండోసారి వడ్డించినప్పుడు వద్దని కూడా ఎవరూ అనలేదు.

అక్క తుంచిన రెండు సగాలనూ అన్నంలో పెట్టుకుని తింది. తర్వాత ఇంకో ముక్క. నేను ఎదురుగా కొయ్యలా నిలబడి ఆమె నమలడం చూస్తున్నాను. నాలుగో ముద్దకు తలెత్తి, రెండేళ్లలో మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఏందిరా అట్ల నిలవడ్డవ్? అన్నం తేపో. చింతపులుసు జర ఎక్కువైంది."

అన్నం తెచ్చాను. పెట్టాను. వద్దనేదాకా పెట్టాను. ఆమె వద్దని ఆలస్యంగా అంది.

అందరూ లేచాక అక్క చెయ్యి కడుక్కోవడానికి వాకిట్లోకి వచ్చింది. నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. ఇద్దరమే ఉన్నాం. రెండేళ్లుగా దాచుకున్న మాట ఇప్పుడన్నా రాకపోతే ఇక రాదనిపించింది. జోకు లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేని పని. నాలుక ఎటు తిప్పాలో తెలియలేదు.

"అక్కా, మీ కొత్తిల్లు వట్టిన నాడు బంతిల వాళ్లు నవ్వుతుంటే నేను గూడ నవ్విన. నవ్వకుండ ఉండాల్సింది. ముందుగాల గా మాటనే అనకుండ ఉండాల్సింది."

అక్క చేతులు రుద్దుకుంటూనే ఉంది. వేళ్ల సందుల్లో పసుపు బియ్యపు రంగు ఇంకా పోలేదు.

"నీళ్లు జర సన్నగ పొయ్యిరా" అంది. "కొత్త చీర తడుస్తున్నది."

సన్నగా పోశాను.